పోటు

వన్ టౌన్‌లో ఆరు మంచాల పోర్టు డిస్పెన్సరీ,
రాత్రి డ్యూటీ నాది.
కిటికీ గట్టు మీద బొగ్గు పొడి.
ఎన్నిసార్లు తుడిచినా తెల్లారేసరికి
మళ్ళీ వేలిముద్ర అడుగుతుంది.
డ్రాయర్లో, దూదికట్ట కింద,
బీమా కంపెనీవాళ్ళిచ్చిన పాత డైరీ.
పద్దెనిమిదేళ్ళుగా అందులో ఒక్క మాటే రాస్తున్నాను.

నొప్పి.

ఓడ దిగినవాడికి ఇంగ్లీషు కొంత వస్తుంది,
లంగరు, డీజిలు, సంతకం వరకూ.
స్ట్రెచరెక్కాక అదీ పోతుంది.
అప్పుడు నోట్లోంచి వచ్చిందే రాసుకుంటాను,
తెలుగు అక్షరాల్లో, ఎలా వినబడితే అలా.

మనీలా వంటవాడు, వేడినూనె పడ్డ ముంజేయి: మసాకిత్.
సురబాయ కుర్రాడు, బెణికిన మడమ: సాకిత్.
ఏ దీవి దగ్గర జారిపోయిందో ఆ 'మ'.
గ్రీకు కెప్టెన్ పొనాయ్ అన్నాడు.
'పోనీ' అన్నాడనుకుని వదిలేశాను.
మళ్ళీ అరిచాడు.

ఒకే ఓడ నుంచి ఇద్దరొచ్చారొకసారి.
ఒకడిది బలీత్, ఇంకొకడిది బోలీత్.
ఒక్క అచ్చు తేడా.
పక్కపక్క మంచాలు వద్దన్నారు.
పేపరు చదివేదాన్నే, ఎందుకని అడగలేదు.
మధ్యలో తెర లాగి ఊరుకున్నాను.

చిట్టగాంగు ఫిట్టరు దవడ పట్టుకుని
బ్యాథా, బ్యాథా అంటుంటే
నవ్వొచ్చింది, పాపం.
మనింట్లో మాటే అది, వ్యథ.
వాళ్ళకింకా పంట్లోనే ఉంది.
మన దగ్గర ఎప్పుడో మనసుకెక్కి కూర్చుంది,
దిగి రమ్మంటే రాదు.

బుసాన్ ఇంజనీరు రాత్రంతా
అపా, అపా అన్నాడు.
"అయ్యని పిలుస్తన్నాడు సిస్టర్" అన్నాడు
వార్డుబాయ్ సన్యాసప్పడు.
కాదని తర్వాత తెలిసింది.
అయినా సన్యాసప్పడి అర్థం కొట్టెయ్యలేదు.
సూది దిగితే మనం 'అబ్బా' అనడం లేదూ?
అబ్బంటే ఎవరని?

తెలుగు పేజీ ఒక్కటే ఖాళీ.
నా మాట నేను రాసుకోవడమేమిటనుకున్నాను.

మొన్న తెల్లవారుజామున
జాలారిపేట నుంచి ఎరకమ్మ వచ్చింది,
చచ్చిపోయిన కళాసీ పెళ్ళాం,
పింఛను కార్డు కొంగున ముడేసుకుని.
కొత్త డాక్టరు జైపూర్ అతను.
సున్నా నుంచి పది దాకా
బొమ్మ మొహాలున్న అట్ట చూపించి
ఏ మొహమో అడగమన్నాడు.
ఆమె అన్నిటినీ పరకాయించి చూసి
"ఈలెవులూ మావోలు కారమ్మా" అంది.

సలుపా? కాదు.
మంటా? కాదు.
పీకుడా, గుంజుడా, తిమ్మిరా? కాదు, కాదు.
"కాళ్ళు తీపులు, రేత్రయితే. నడుం మాత్రం పోటు."

డాక్టరు పెన్ను ఆపి నా వైపు చూశాడు.
తీపంటే బెల్లం అని
క్యాంటీన్లో అతనికి నేర్పింది నేనే.
ఇప్పుడది కాళ్ళలోకి ఎలా వచ్చిందని చెప్పను?
ఇక పోటంటే...
కిటికీ చూపించాను.
యారాడ కొండ కింద, జెట్టీ దీపాల్లో,
నీళ్ళు ఛానెల్లోకి ఎక్కుతున్నాయి.
పడవలు కట్టుతాళ్ళని లాగి చూస్తున్నాయి.
అదీ పోటే, అన్నాను.
"సముద్రమా?" అన్నాడు,
ఆమె నడుం మీద చెయ్యి పెట్టి
ఎక్కడుందో వెతుకుతున్నట్టు.

ఎరకమ్మ నవ్వింది.
"పోటొచ్చినాక ఆటు రాకుండా ఉంటాదేటి బావూ?
అది వొచ్చీదాకా ఉండలేకే వొచ్చినాను."

అతను 'ఏడు' అని రాశాడు.

ఆమె వెళ్ళాక డైరీ తీశాను.
స్పిరిట్ ఎప్పుడొలికిందో
గ్రీకు కెప్టెన్ పేజీ సగం అలుక్కుపోయింది.
పోనీ.
ఖాళీ పేజీ మీద తేదీ వేశాను.
ఎరకమ్మ, నడుం, అని రాసి
మాట రాయాల్సిన చోట
నాలుగూ పది అని టైము వేశాను.
ఆటు ఎన్నింటికో
హార్బరువాళ్ళని అడగాలి.